సముద్రపు నేల ఎక్కడికి పోతుంది?

బోయిన్‌పల్లి నుంచి హస్మత్‌పేట దాకా ఎక్కడ పునాది తవ్వినా, పై మట్టి దాటగానే గునపానికి తగిలేది గ్రానైటు. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలను మోస్తున్న ఈ రాయి వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లు. సముద్రపు నేల సంగతి వేరు. ఒకటి రెండు వివాదాస్పదమైన చోట్లు వదిలేస్తే, సముద్రం అడుగున నేటికీ మిగిలిన అతి పాత నేల పశ్చిమ పసిఫిక్‌లోది. దాని వయసు 18 కోట్ల ఏళ్లు, మహా అయితే 20. ప్రపంచంలోని సముద్ర రిడ్జిలన్నిటి (సముద్రం అడుగున నేల విచ్చుకునే పర్వత శ్రేణుల) పొడవు కలిపితే సుమారు 65,000 కిలోమీటర్లు. వాటి వెంట ఏటా దాదాపు 3 చదరపు కిలోమీటర్ల కొత్త నేల ఏర్పడుతోంది. సముద్రపు పటలం మొత్తం విస్తీర్ణం 30 కోట్ల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. భాగించి చూస్తే, పది కోట్ల ఏళ్లకోసారి సముద్రం తన నేలంతా మార్చేసుకుంటోందని తేలుతుంది. ఎప్పుడూ ఇదే వేగమనుకుంటే, మన గ్రానైటు గట్టిపడ్డాక పాతికసార్లు నేల మారింది. భూమి ఉబ్బడం లేదు కాబట్టి పుట్టినంతా ఎక్కడికో పోవాలి. పాఠ్యపుస్తకాలు రిడ్జి దగ్గర రాయి పుట్టడాన్ని విస్తారంగా వర్ణించి, పోవడాన్ని చివర్లో ఒక పేరాతో సరిపెడతాయి. ఈ వరస తిరగబడాలని నా వాదన. రిడ్జి దగ్గర కనిపించేది ఫలితం. దాని కారణం వేల కిలోమీటర్ల దూరాన, పాత నేల లోపలికి దిగబడే చోట ఉంది. ఆ తిరుగు ప్రయాణపు ఆనవాళ్లు కొన్ని నెల్లూరు, అనంతపురం, గద్వాల నేలల్లోనే దొరుకుతున్నాయి.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. రిడ్జి అడుగున ఏదో ప్రత్యేకమైన కొలిమి రగులుతోందని, ఆ వేడికి రాయి కరుగుతోందని చాలామంది ఊహ. కానీ చాలా రిడ్జిల కింద మాంటిల్ (పటలం అడుగునున్న మందమైన రాతి పొర) మిగతా చోట్ల కన్నా చెప్పుకోదగ్గంత వేడిగా ఏమీ ఉండదు. లోతున 1,300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలోనూ అక్కడి పెరిడోటైట్ శిల ఘనంగానే ఉంటుంది. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. భూమి పైపెంకులోని రెండు పలకలు ఎడమవుతుంటే, వాటి మధ్య ఏర్పడే ఎడాన్ని నింపడానికి ఆ ఘనశిలే ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి పాకుతుంది. వేడి దాదాపు అలాగే ఉంటుంది, ఒత్తిడి మాత్రం తగ్గిపోతూ వస్తుంది. ప్రెషర్ కుక్కర్‌లో వంద డిగ్రీలు దాటి ఉన్న నీళ్లు ఆవిరి వదిలేయగానే కింద మంట లేకున్నా కుతకుతలాడతాయి కదా, ఇదీ ఆ బాపతే. పైగా రాయంతా కరగదు. సుమారు పదోవంతు మాత్రం ద్రవమై పైకి చేరి బసాల్టుగా గడ్డకడుతుంది; మెగ్నీషియం దండిగా ఉన్న మిగతా భాగం అడుగునే ఉండిపోతుంది. పొటాషియం, యురేనియం, లాంథనం లాంటి మూలకాలకు మాంటిల్ స్ఫటికాల్లో చోటు చాలదు. కరగడం మొదలైన మరుక్షణం అవన్నీ ద్రవంలోకి వెళ్లిపోతాయి. అంటే రిడ్జి ఒక జల్లెడలా మాంటిల్‌ను రెండుగా విడదీస్తోంది. విడిపోయిన ఆ రెండూ మళ్లీ కలుస్తాయా లేదా అన్నదే తర్వాతి ప్రశ్నలన్నిటికీ మూలం.

పైకి వచ్చిన ద్రవం ఎలా పేరుకుంటుందో చెప్పడానికి హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్లే వీలైన ఉదాహరణ, అయితే తేడా చూపించే ఉదాహరణ. ఇక్కడి గ్రానైటును నిలువుగా చీల్చుకుంటూ నల్లటి డోలరైట్ డైకులు (పగుళ్లలో గడ్డకట్టిన రాతి గోడలు) పోతుంటాయి. ఒక్కో డైకుకు రెండు వైపులా గ్రానైటు ఉంటుంది. చల్లని గ్రానైటుకు తగిలిన అంచులు త్వరగా చల్లారి సన్నని రేణువులతో, నడిమి భాగం నిదానంగా చల్లారి పెద్ద రేణువులతో ఉంటాయి. రిడ్జి కింద మధ్యలో వేరే రాయంటూ ఉండదు. ఒక డైకు నడిమిని చీల్చుకుని ఇంకో డైకు, దాన్ని చీల్చుకుని మరొకటి వస్తాయి. అందుకే అక్కడ చాలా డైకులకు ఒక పక్కే సన్నరేణువుల అంచు కనిపిస్తుంది. రెండో పక్క చీలిపోయి ఎదుటి పలకతో వెళ్లిపోయి ఉంటుంది. నేల నిరంతరాయంగా విచ్చుకుందనడానికి ఇంతకంటే తేటైన గుర్తు లేదు. డైకుల వరస మీద, నీళ్లలోకి ఉబికి గుండ్రంగా గడ్డకట్టిన దిండు లావాలు. అడుగున, నింపాదిగా చల్లారిన గాబ్రో. అన్నిటి కిందా మాంటిల్ పెరిడోటైట్. ఈ వరసను 1972 పెన్‌రోజ్ సమావేశం ఓఫియొలైట్‌కు, అంటే ఒడ్డెక్కి మిగిలిన సముద్రపు నేల శకలానికి, ప్రమాణంగా నిర్వచించింది. ప్రమాణమన్నాక మినహాయింపులూ ఉంటాయి. ఏటా 14 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే విచ్చుకునే నైరుతి హిందూ మహాసముద్ర రిడ్జి మీద కొన్ని చోట్ల బసాల్టు పొరే ఉండదు, మాంటిల్ శిలే నేరుగా నీళ్లకు తగులుతూ ఉంటుంది. విచ్చుకోవడం మరీ నెమ్మదైతే, పైకి వచ్చే రాయి కరిగే లోపే పైనుంచి చల్లబడిపోతుంది. కొలిమి ఊహ నిజమైతే పలకల వేగం ఇంత కీలకం కానక్కర్లేదు.

నేల విచ్చుకుంటోందన్న రుజువు మన పడమటి సముద్రం నుంచే వచ్చింది. 1962లో బ్రిటిష్ సర్వే నౌక ఓవెన్ అరేబియా సముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జి మీద అయస్కాంత కొలతలు తీసింది. వాటి ఆధారంగా ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ 1963లో నేచర్ పత్రికలో తమ వివరణ ప్రకటించారు: రిడ్జికి రెండు పక్కలా కనిపించే అయస్కాంత చారలు, భూమి అయస్కాంత దిశ తారుమారైనప్పుడల్లా అప్పుడే గడ్డకట్టిన బసాల్టులో పడ్డ ముద్రలు. (రిడ్జికి బీరు కంపెనీ పేరేమిటని సందేహం రావచ్చు. దాన్ని గుర్తించిన 1928–30 నాటి డేనిష్ సముద్రయాత్రకు డబ్బిచ్చింది కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్.) అదే రిడ్జి మీద 2003లో అసాధారణంగా పెద్ద వేడినీటి మేఘం కనిపించింది. సముద్రపు నీరు పగుళ్లలోకి దిగి, 350–400 డిగ్రీల దాకా వేడెక్కి, రాగి, జింకు, ఇనుము కరిగించుకుని పైకి చిమ్ముతుంది. హిందూ మహాసముద్ర రిడ్జిల మీద ఇలా పేరుకునే సల్ఫైడు నిక్షేపాల కోసమే భారత్ 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం చేసుకుంది. లోహాలు వార్తల్లోకి ఎక్కాయి గానీ, మన వాదనకు అసలైన సరుకు రాయిలో ఉండిపోయే నీరు. పుట్టినప్పుడు పొడిగా ఉన్న బసాల్టు ఈ స్నానంతో క్లోరైట్, ఎపిడోట్ లాంటి ఖనిజాలుగా మారి నీటిని తన నిర్మాణంలో కట్టేసుకుంటుంది. మాంటిల్ శిల సర్పెంటైన్‌గా మారి ఇంకా ఎక్కువ దాచుకుంటుంది. నేల లోపలికి దిగబడినప్పుడు ఈ నీరే దాని ఆనవాలు అవుతుంది.

ఇక కారణం మాట. రిడ్జి తానుగా పలకలను నెడుతోందా, ఎవరో లాగితే తెరుచుకుంటోందా? ఆఫ్రికాను చూస్తే చాలావరకు జవాబు తెలుస్తుంది. దానికి పడమర అట్లాంటిక్ మధ్య రిడ్జి, తూర్పున కార్ల్స్‌బర్గ్, మధ్య హిందూ మహాసముద్ర రిడ్జిలు, దక్షిణాన నైరుతి రిడ్జి. పలక మూడు వైపులా కొత్త నేల చేరుతోంది, ఆ రిడ్జిల నడుమ దిగబడే చోటు లేదు. కాబట్టి రిడ్జిలే ఒకదానికొకటి దూరం జరుగుతూ ఉండాలి. లోతుల్లో పాతుకున్న కొలిమి ఉన్న వస్తువు అలా జరగలేదు. పైపొరలో చీలికైతే జరగగలదు. రెండో సాక్ష్యం 1975లో ఫోర్సిత్, ఉయెదా పలకల వేగాలను పోల్చి చెప్పినది. పలక చుట్టూ రిడ్జి ఎంత పొడవుందన్న దానితో వేగానికి సంబంధం కనిపించలేదు. అంచులో ఎంత భాగం లోపలికి దిగబడుతోందన్న దానితో గట్టి సంబంధం కనిపించింది. పసిఫిక్ పలక పరుగెడుతుంది, ఆఫ్రికా, అంటార్కిటికా పాకుతాయి. దీని వెనకున్న భౌతిక కారణం సులువైనదే. రిడ్జి దగ్గర సముద్రం సగటున రెండున్నర కిలోమీటర్ల లోతు. దూరం వెళ్లేకొద్దీ నేల చల్లారి, బరువెక్కి, ఐదారు కిలోమీటర్ల లోతుకు కుంగుతుంది. దిగబడ్డాక ఒత్తిడికి బసాల్టు ఎక్లోజైట్‌గా మారుతుంది. మాంటిల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.3 గ్రాములైతే ఎక్లోజైట్‌ది 3.5 ప్రాంతం. అప్పటి నుంచి దాన్ని ఎవరూ నెట్టక్కర్లేదు. మునిగే కొస వెనకున్న పలకనంతా లాక్కుంటుంది.

దీనికి పెద్ద అభ్యంతరం మన దేశం నుంచే వస్తుంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావాలు పొంగాయి. వాటి తూర్పు ఆనవాళ్లు రాజమండ్రి దగ్గర పంగిడి, కాటేరు ప్రాంతాల్లో ఉన్నాయి, మనకు దగ్గరి అంచు వికారాబాద్. ఆ వెంటనే సీషెల్స్ మన దేశం నుంచి విడిపోయింది, ఆ ఎడంలోనే కార్ల్స్‌బర్గ్ రిడ్జి రూపుకట్టింది. భారత పలక ఆ రోజుల్లో ఏటా 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి దూసుకెళ్లింది. రెయూనియన్ ద్వీపం కింద, మాంటిల్ లోతుల నుంచి లేచిన వేడి స్తంభమే పలకను నెట్టిందని 2011లో కాండే, స్టెగ్‌మన్ వాదించారు. ఐస్‌లాండ్ కింద సైతం రిడ్జి, వేడి స్తంభం కలిసే ఉన్నాయి. ఈ అభ్యంతరంలో నిజముంది. వేడి స్తంభం చీలికకు చోటు చూపించగలదు, కొంతకాలం వేగమూ పెంచగలదు. అయితే దక్కన్ పొంగుకు ముందే మన పలక ఉత్తరానికి ప్రయాణిస్తోంది, మనకూ ఆసియాకూ మధ్య అప్పుడున్న టెథిస్ సముద్రపు నేల ఆసియా కింద మునుగుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఖండమే ఆసియాను ఢీకొని, మునగాల్సిన బరువైన నేల అయిపోయేసరికి వేగం మూడోవంతుకు పడిపోయింది. పొంగు తాత్కాలికం, లాగుడు దీర్ఘకాలికం అన్నదే ఈ కాలక్రమంతో నాకు పొసిగేదిగా కనిపిస్తోంది. మునిగిన టెథిస్ నేల ఎక్కడుందో కూడా తెలుసు. 1999లో వాన్ డెర్ వూ బృందం భూకంప తరంగాల చిత్రణతో దాన్ని భారతదేశం కిందే, వెయ్యి కిలోమీటర్లకు దిగువన గుర్తించింది. నేల మునిగింది, దాని మీదుగా మనం ఉత్తరానికి వచ్చేశాం.

తరంగాలు చూపించేది నీడలనే. చేత్తో పట్టుకోగల ముక్క కావాలంటే అనంతపురం జిల్లా వజ్రకరూర్‌కు వెళ్లాలి. అక్కడి కింబర్లైట్ గొట్టాల్లో (వజ్రాలు మోసుకొచ్చే లావా నాళాల్లో) ఎక్కువ భాగం సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట 150 కిలోమీటర్లకు మించిన లోతుల నుంచి పైకి వచ్చినవే. దారిలో మాంటిల్ శిలల ముక్కలు పట్టుకొచ్చాయి. కేఎల్-2 అనే గొట్టంలో ఎర్రటి గార్నెట్, ఆకుపచ్చ పైరాక్సీన్ కలిసిన ఎక్లోజైట్ ముక్కలు దొరికాయి. 2015లో డోంగ్రే, జాకబ్, స్టెర్న్ వీటి రసాయన కూర్పు పరిశీలించి, ఇవి ఒకప్పటి సముద్రపు నేల దిగబడి మారిన రూపమని తేల్చారు. ఇలాంటి నిర్ధారణకు ప్రాణం ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు. మాంటిల్‌లో వాటి నిష్పత్తి చాలా ఇరుకైన హద్దులో ఉంటుంది. రాయి సముద్రపు నీటితో చర్య జరిపితేనే ఆ హద్దు దాటుతుంది, అదీ భూమి పైభాగంలో, మాంటిల్ కంటే బాగా తక్కువ వేడిలోనే సాధ్యం. లోతుల్లోనే పుట్టిన బసాల్టు ద్రవం అక్కడే గడ్డకట్టి ఎక్లోజైట్ అయి ఉండొచ్చుగా అని అడగొచ్చు. అలాంటివీ ఉంటాయి. కానీ వాటికి సముద్రపు ముద్ర ఉండటానికి కారణం కనిపించదు. వజ్రాల వేటలో బయటపడ్డ ఈ చిన్న ముక్కలు, నా దృష్టిలో, వజ్రాల కంటే విలువైనవి.

అంత లోతుకు పోకుండా, దారిలో ఖండపు అంచున చిక్కుకుపోయిన నేల పాత నెల్లూరు జిల్లాలోని కండ్ర దగ్గరుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి. లీలానందం ఇక్కడి నల్లరాళ్లు ఓఫియొలైట్ కావచ్చని 1990లోనే సూచించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2010లో, కె. విజయ కుమార్, ఎర్న్‌స్ట్, లీలానందం తదితరులు జిర్కాన్ స్ఫటికాలతో వయసు కట్టి 185 కోట్ల ఏళ్లని చెప్పారు. గాబ్రోలు, ఒకదానిలోంచి ఒకటి చొచ్చుకొచ్చిన డైకులు, దిండు బసాల్టులు, వాటితో కొద్దిగా చెర్ట్ అనే సిలికా రాయి ఉన్నాయి; పైన చెప్పుకున్న వరసలో చాలావరకు ముక్కలుగా అక్కడుంది. ఉత్తరాన పాత ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర సుమారు 133 కోట్ల ఏళ్ల నాటి మరో కలగాపులగపు రాళ్ల గుంపును సముద్రపు నేల శకలాలుగానే గుర్తించారు. ఒకే తీరం వెంట యాభై కోట్ల ఏళ్ల ఎడంతో రెండు సముద్రాలు మూసుకుపోయాయన్నమాట. అభ్యంతరం ఏమిటంటే, కండ్ర రాళ్ల రసాయన లక్షణాలు అచ్చమైన మధ్య సముద్ర రిడ్జి బసాల్టువి కావు. దిగబడే పలక పైభాగాన, ద్వీపమాలల వెనక విచ్చుకునే చిన్న సముద్రాలవి. దీన్ని పరిశోధకులే చెప్పారు. అలాంటప్పుడు రిడ్జి గురించి కండ్ర ఏం చెబుతుంది? విచ్చుకోవడం, కరగడం, డైకులు పేరుకోవడం రెండు చోట్లా ఒకే విధం. తేడా నీటి పాలు ఎక్కువ కావడంలో. అంతకన్నా ముఖ్యం, భూమ్మీద మిగిలిన ఓఫియొలైట్లలో అధికభాగం ఈ కోవవే. నడి సముద్రపు నేల చల్లగా, బరువుగా తీరం చేరి మునిగిపోతుంది. ఖండం పక్కనే పుట్టిన, ఇంకా వేడిగా తేలికగా ఉన్న నేల మాత్రమే ఒడ్డెక్కుతుంది. కాబట్టి కండ్ర కొలతలు పట్టుకుని ఆనాటి మహాసముద్రాల నేల మందం ఇంతని లెక్క కట్టడం తొందరపాటు. మిగిలినవే సాధారణమైనవి అనుకోకూడదు, పోయినవే సాధారణం.

ఇంకా వెనక్కి, 250 కోట్ల ఏళ్లు దాటితే నేల జారుడుగా మారుతుంది. గద్వాల పచ్చశిలల పట్టీలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మాణిక్యాంబ, నక్వి బృందం 2005లో బోనినైట్లను నివేదించారు. మెగ్నీషియం ఎక్కువ, టైటానియం బాగా తక్కువ ఉన్న ఈ లావా నేడు జపాన్ దక్షిణాన బోనిన్ ద్వీపాల్లాంటి చోట్ల కనిపిస్తుంది. అప్పటికే ఒకసారి బసాల్టును వదులుకుని బీదబడ్డ మాంటిల్‌కు, దిగబడే పలక నుంచి నీరు చేరి, రెండోసారి కరిగితే అది పుడుతుంది. రెండుసార్లు కరగడం అనే ఆ ఒక్క లక్షణంలో రిడ్జి, తిరుగు ప్రయాణం రెండూ ఇమిడి ఉన్నాయి. దీన్ని ఒప్పుకోని వారి వాదన బలహీనమైనదేమీ కాదు. ఆనాటి మాంటిల్ ఇప్పటి కంటే వంద డిగ్రీలకు పైగా వేడి, పటలం మందం, పలకలు గట్టిగా ఒక్క ముక్కలా దిగబడగలిగేవా అన్నది అనుమానమే. పాత ఖండపు రాయి లావాలో కలిసినా కొన్ని ఇలాంటి లక్షణాలే రావచ్చు. నేను సగం ఒప్పుకుంటాను. గద్వాలను బట్టి నేటి తీరులోనే పలకలు కదిలాయని అనలేం. కానీ నీటిలో నానిన బసాల్టు ఏదో ఒక తీరున లోతుకు చేరకపోతే గ్రానైటే ఇంత రాశిగా పుట్టదు. పొడి బసాల్టు కరిగితే గ్రానైటు కూర్పు రావడం కష్టం. నీరున్న బసాల్టు కరిగితే ఆ దిశగా మొదటి మెట్టు పడుతుంది, ఆ రాయి మళ్లీ కరిగితే రెండోది. బోయిన్‌పల్లి గ్రానైటు తాత ముత్తాతల్లో సముద్రపు నేల ఉందనడం అతిశయోక్తి కాదు.

తిరిగి వెళ్లినది చివరికి రిడ్జికే చేరుతుందా? మోటు లెక్క ఒకటి వేద్దాం. పటలం మందం ఆరేడు కిలోమీటర్లు కాబట్టి ఏటా సుమారు 20 ఘన కిలోమీటర్ల రాయి పుడుతోంది. ఈ లెక్కన 450 కోట్ల ఏళ్లలో 9,000 కోట్ల ఘన కిలోమీటర్లు. మాంటిల్ పరిమాణం సుమారు 90,000 కోట్ల ఘన కిలోమీటర్లు, అందులో పదోవంతు. కరిగేది పదోవంతే కాబట్టి, మాంటిల్ అంతా సగటున ఒకసారి రిడ్జి జల్లెడలోంచి పోయినట్టే. తొలికాలంలో వేగం ఎక్కువైతే ఇంకా ఎక్కువసార్లు. ఇంత సరుకు ఏ మూలో పడి ఉండే వీలు లేదు. వేడి స్తంభాల ద్వీపాల లావాల్లో పాత సముద్రపు నేల అంశం ఉందని 1982లో హాఫ్‌మన్, వైట్ ప్రతిపాదించారు. మరుసటి ఏడాది డ్యూప్రే, అల్లెగ్ర్ హిందూ మహాసముద్ర బసాల్టుల్లో సీసం, స్ట్రాన్షియం ఐసోటోపులు అట్లాంటిక్, పసిఫిక్‌ల కంటే తేడాగా ఉన్నాయని చూపారు. వాళ్లిద్దరి పేర్ల ముక్కలు కలిపి ఆ తేడాను డ్యూపల్ అంటున్నారు. అంటే మన దక్షిణాన ఉన్న రిడ్జిల కింద మాంటిల్‌లో ఎప్పుడో ఎక్కడి నుంచో పడ్డ పాత సరుకు కలిసింది.

ఆ సరుకు ఏది అన్న దగ్గర నా వాదనకు అసలైన చిక్కుంది. అది సముద్రపు నేల, దాని మీది మట్టి అని కొందరు. భారత్ ఒకప్పుడు భాగంగా ఉన్న గోండ్వానా మహాఖండం అడుగు ఊడిపడి కలిసిందని మరికొందరు. రెండోదానికి హైదరాబాద్ నుంచే బలం వచ్చింది. 2007లో భూభౌతిక పరిశోధన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి నేచర్‌లో రాసిన వ్యాసం ప్రకారం గోండ్వానా నుంచి విడిపోయిన ఇతర ఖండాల కింద పలక 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, భారత్ కింద సుమారు 100 కిలోమీటర్లే ఉంది. ఖండం అడుగున ఉండే వేళ్లు తెగాయి కనుకనే భారత్ అంత వేగంగా కదిలిందని వారి అభిప్రాయం. తెగిన వేళ్లే హిందూ మహాసముద్రపు మాంటిల్‌లో కలిశాయంటే కథ చక్కగా అతుకుతుంది, అందుకే జాగ్రత్త పడాలి. దక్షిణ భారతపు పాత ఖండభాగమైన ధార్వార్ కింద మందమైన వేరు ఇంకా ఉందని తర్వాతి భూకంప తరంగ అధ్యయనాలు కొన్ని చూపాయి. వజ్రకరూర్ ముక్కలను బట్టి 110 కోట్ల ఏళ్ల కిందట వేరు మందంగా ఉండేదన్నది మాత్రం ఖాయం. తర్వాత తెగిందా అన్నది అవి చెప్పలేవు, అప్పటికే పైకొచ్చేశాయి కనుక. ఖండపు అడుగే కలిసిందని తేలినా తిరుగు ప్రయాణం అబద్ధం కాదు, దాని జాబితాలో ఇంకో సరుకు చేరుతుందంతే. తేల్చే దారి మాటల్లో లేదు, సీసంలో ఉంది. ఖండపు అడుగున యురేనియం తక్కువ, కాబట్టి వందల కోట్ల ఏళ్లు అక్కడున్న రాయిలో యురేనియం నుంచి పుట్టే సీసం వెనకబడి ఉంటుంది. దిగబడిన సముద్రపు నేలలో చాలాసార్లు ఇందుకు విరుద్ధం. వజ్రకరూర్ ఎక్లోజైట్లు, వాటితో వచ్చిన ఖండపు అడుగు ముక్కలు, కార్ల్స్‌బర్గ్ రిడ్జి బసాల్టు, ఈ మూడింటి సీసాన్నీ ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో కొలిచి పక్కపక్కన పెట్టి చూడాలి.